అమెరికా ఇంజిన్, నడిపి కుళాయి

రైల్వేలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ముసలాయన ఆవిరి ఇంజిన్ల కాలం మనిషి, అడిగితే చెప్తడు" అని ఎవరో పంపిస్తారు. వచ్చినవాళ్లు రెండే అడుగుతారు. ప్రమోషన్ ఎట్లా వస్తుంది, బదిలీ ఎట్లా తప్పుతుంది. నాకు మొదటిది ఆలస్యంగా వచ్చింది, రెండోది ఎప్పుడూ తప్పలేదు. కాబట్టి ఆ రెండూ వదిలేసి మిగతావి చెబుతాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. విసుగొస్తే టీ తాగి వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

పోలీసు చర్య జరిగిన ఏడాది వికారాబాద్ ఇంజిన్ షెడ్డులో బాయిలర్ ఫిట్టర్ చేతికింద పనికి చేరాను. తర్వాత నేనే బాయిలర్ ఫిట్టర్‌నయ్యాను. చేరినప్పుడు మా రైలు నిజాం నవాబు గారిది. కొన్నాళ్లకు ఢిల్లీది అయింది. టోపీల మీద బిళ్లలు మారాయి, బొగ్గు మాత్రం అదే. మాది పెద్ద షెడ్డు కాదు. పొద్దున ఇంజిన్లు కడిగి, గొట్టాలు గీకి, కారేచోట కారకుండా చేసి పంపించడమే మా పని. బయటివాళ్లకు ఇంజిన్ అంటే చక్రాలు, పొగ, కూత. మాకు ఇంజిన్ అంటే నీళ్లు. నిప్పు ఆరితే బండి ఆగుతుంది, అంతే. నీళ్లు తక్కువైతే మనుషులు పోతారు.

పట్టాలు ముందు, ఊళ్లు తర్వాత

మా దగ్గర పాత ఇంగ్లీషు ఇంజిన్లతో పాటు కొన్ని అమెరికా ఇంజిన్లు ఉండేవి. అవి మన కోసం పుట్టినవి కావు, యుద్ధం కోసం పుట్టినవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి రైళ్లు సైన్యాన్నీ సరుకునూ మోయలేకపోతుంటే, అమెరికా కార్ఖానాలు మన వెడల్పు పట్టాలకు సరిపడేలా చేసి ఓడలకెక్కించి పంపాయి. యుద్ధం ముగిసింది, ఇంజిన్లు ఉండిపోయాయి.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషు ఇంజిన్ ఒంటి నిండా బట్ట కట్టుకున్నట్టు ఉంటుంది. గొట్టాలన్నీ లోపల, పైన రంగు, రంగు మీద ఇత్తడి గీత. ఇది అట్లా కాదు. గొట్టాలు, కడ్డీలు, పంపు అన్నీ బయటే వేలాడుతున్నాయి. మా డ్రైవర్ ఖాదర్ భాయ్ దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "గిదేందిరా, పేగులన్ని బయటేసుకొని వచ్చింది" అన్నాడు.

దానికి కారణం చెప్పింది మా లోకో ఫోర్‌మన్ డిసూజా సాబ్. షెడ్డంతటికీ ఆయనే పెద్ద. ఇంగ్లండులో ఊళ్లు ముందు పుట్టాయి, వాటిని కలపడానికి పట్టాలు తర్వాత వేశారు. అమెరికాలో పట్టాలు ముందు వేశారు, వాటి పక్కన ఊళ్లు తర్వాత పుట్టాయి. ఎవరూ లేని మైదానాల మీద, కొండల మీద తొందర తొందరగా వేసిన దారి. కంకర సరిగ్గా కూరినది కాదు, మలుపులు ఇరుకు. అలాంటి దారి మీద బిగదీసిన ఇంజిన్ నడిస్తే పట్టా దిగుతుంది. అందుకని వాళ్లు రేకు పలకలకు బదులు లావు కడ్డీలతో చట్రం కట్టారు, చక్రాల మీది స్ప్రింగులను ఒకదానికొకటి కలిపారు. ఒక చక్రం గుంతలో దిగితే ఆ బరువును మిగతావి పంచుకుంటాయి. దారిలో చెడిపోతే దగ్గరలో కార్ఖానా ఉండదు కాబట్టి ప్రతి ముక్కా చేతికి అందేచోట పెట్టారు.

అది విన్నాక నవ్వడం మానేశాను. ఇంగ్లీషువాడు ఇంజిన్ చెడిపోదని నమ్మి చేశాడు, అమెరికావాడు చెడిపోతుందని నమ్మి చేశాడు. షెడ్డులో బతికేవాడికి రెండోవాడే మేలు.

కొత్తది ఏదైనా మొదట మనల్ని ఆడుకుంటుంది. అమెరికా ఇంజిన్‌లో నిప్పు కిందుండే ఇనుప జల్లెడను బయటి నుంచి ఒక కడ్డీతో ఊపవచ్చు. కొంచెం ఊపితే బూడిద రాలుతుంది. పూర్తిగా లాగితే నిప్పంతా కింద పడిపోతుంది. ఇంగ్లీషు ఇంజిన్ల మీద చేయి తిరిగిన ఒక ఫైర్‌మన్, అంటే నిప్పులో బొగ్గు వేసేవాడు, ధారూరు స్టేషన్‌లో బూడిద దులుపుదామని దాన్ని బలం కొద్దీ లాగాడు. మండే నిప్పంతా పట్టాల మధ్య కుప్పపోసినట్టు పడింది. బండి అక్కడే నిలిచింది. నీళ్లు చల్లి ఆర్పేసరికి ధారూరు ఆడవాళ్లు గంపలతో వచ్చి బొగ్గులేరుకుంటున్నారు. "రేపు గూడ గిదే యాళ్లకు పోస్తరా?" అని ఒకామె అడిగిందట. ఆ ఫైర్‌మన్‌ను చాలా రోజులు ధారూరు అల్లుడని పిలిచారు.

తాండూరు నీళ్లు

తాండూరు బండలు మీకు తెలుసు. మన ఇళ్లలో నేల మీద పరుచుకునేవి. ఆ రాయి ఎంత మంచిదో ఆ రాతిలోంచి ఊరే నీళ్లు ఇంజిన్‌కు అంత చెడ్డవి. స్నానాలకు నీళ్లు కాచే బిందె అడుగున తెల్లటి పెచ్చు పడుతుంది చూశారా, బాయిలర్ నిండా అదే. గొట్టాల మీద, రంధ్రాల అంచుల్లో, ఎక్కడ వేడి తగిలితే అక్కడ.

దానికి మందని పైనుంచి ఒక పొడి పంపారు, ఇంజిన్ వెనకుండే నీళ్ల తొట్టిలో కలపమన్నారు. పెచ్చు కాస్త తగ్గింది గానీ నీళ్లు నురగెత్తి పొగగొట్టంలోంచి బయటికి కక్కడం మొదలైంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అయింది. మళ్లీ ఉలీ సుత్తే దిక్కయ్యాయి. నేను సగం ఉద్యోగం బాయిలర్ కడుపులో కూర్చుని సున్నం గీకుతూ గడిపాను. ఎవరైనా వచ్చి రైల్వేలో ఏం చేశావని అడిగితే ఇదే చెప్పాలి.

తాండూరు నుంచి వికారాబాద్ వచ్చే దారి ఎక్కుడు. బండలు, కందులు నింపిన గూడ్సు బండి ధారూరు, గోదంగూడ దాటుకుంటూ మూలుగుతూ ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ ముక్కు పైకి ఉంటుంది, లోపలి నీళ్లు వెనక్కి, అంటే నిప్పుగది వైపు జరుగుతాయి. పైకి చేరి చదునైన చోటికి రాగానే మళ్లీ ముందుకు పోతాయి. నిప్పుగది పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. నిలవకపోతే పైకప్పు ఎర్రగా కాలి మెత్తబడి పగులుతుంది. ఆ ప్రమాదం రాకుండా పైకప్పులో ఒక సీసపు బిరడా పెడతారు. నీళ్లు తగ్గితే ముందు అది కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి ఆర్పేస్తుంది. మనుషులు బతుకుతారు. కానీ సీసం కరిగిందంటే డ్రైవర్ నీళ్లు చూసుకోలేదని అర్థం. సిగ్నల్ దాటిన డ్రైవర్‌కైనా జాలి చూపించేవాళ్లు గానీ సీసం కరిగించినవాడికి చూపించేవాళ్లు కాదు.

పెద్దది, నడిపిది, చిన్నది

బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూడటానికి ఇంగ్లీషు ఇంజిన్లకు రెండు గాజుగొట్టాలు ఉండేవి. మా అమెరికా ఇంజిన్లకు గాజుగొట్టం ఒకటే. దాని పక్కన పైనుంచి కిందికి మూడు చిన్న కుళాయిలు. గాజు మీద అనుమానం వస్తే కుళాయిలు తిప్పి చూడాలి. పైదాంట్లో ఆవిరి వస్తుంది, కిందిదాంట్లో నీళ్లు వస్తాయి, అసలు సంగతి మధ్యదాంట్లో తెలుస్తుంది. అది నీళ్లిస్తే భయం లేదు. ఆవిరి మాత్రమే ఊదితే చేతిలో పని వదిలేసి నీళ్లు చూసుకోవాలి.

మన దిక్కు ముగ్గురు పిల్లలుంటే మధ్యవాణ్ని నడిపోడని, మధ్యపిల్లను నడిపిదని అంటాం కదా. షెడ్డులో ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఆ మూడు కుళాయిలకు పెద్దది, నడిపిది, చిన్నది అని పేర్లు పడ్డాయి. డిసూజా సాబ్ కూడా అట్లాగే అనేవాడు. "నడిపిది ఏమంటున్నది?" అంటే బాయిలర్ కులాసా అడిగినట్టు. ముద్దుగానే ఉండేది. ఆ పేరు వల్ల ఏమైందో చెప్పడానికే ఇదంతా.

ఖాదర్ భాయ్

ఖాదర్ భాయ్ పరిగి మనిషి. ఇంట్లో దఖ్ఖనీ, బయట తెలుగు, ఇంజిన్‌తో రెండూ మాట్లాడేవాడు. పొట్టిగా, బిగువుగా, ఎప్పుడూ ఏదో ఒకదాని మీద చిరాకుగా ఉండేవాడు. కానీ ఆయన తెచ్చిన ఇంజిన్ షెడ్డులోకి వస్తే మా పని తగ్గేది. ఒంట్లో నొప్పి ఎక్కడుందో చెప్పే రోగిలా, ఏది కారుతుందో, ఏది కొట్టుకుంటుందో చెప్పి దిగేవాడు. గూడ్సు దాటి మెయిల్ బండి ఎక్కడానికి ఆయన వంతు దగ్గరికొచ్చింది. డ్రైవర్‌కు అంతకు మించిన కోరిక ఉండదు. ఇంట్లో ఆయన భార్య రజియా భాభీ అప్పుడే ఇరుగుపొరుగుకు చెప్పేసుకుంది కూడా.

ఆ రోజుల్లో ఆయనకు కొత్త ఫైర్‌మన్‌ను ఇచ్చారు. పేరు సిద్దప్ప, సేడం వైపు వాడు, ఇంట్లో కన్నడం. పెండ్లయి, తల్లినీ తమ్ముళ్లనూ సాకుతున్నవాడు. తెలుగు అర్థమవుతుంది గానీ అర్థం కానిదాన్ని మళ్లీ అడగడానికి మొహమాటం. మొహమాటం పెళ్లిపందిట్లో అందంగా ఉంటుంది, ఇంజిన్ మీద ఉండకూడదు.

ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ అమెరికా ఇంజిన్‌తో తాండూరు నుంచి బండల గూడ్సు తెస్తున్నారు. గోదంగూడ దాటాక ఖాదర్ భాయ్ గాజుగొట్టం వైపు చూశాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి, కానీ ఊగడం లేదు. బండి నడుస్తుంటే గాజులో నీళ్లు ఊగాలి. ఊగకుండా నిలబడ్డ నీళ్లను ఎప్పుడూ నమ్మకూడదు. ఆయనకు అనుమానం వచ్చింది. అంతలో ముందు మలుపు వచ్చింది, సిగ్నల్ కోసం తల బయటపెట్టాడు. అక్కణ్నుంచే అరిచి అడిగాడు.

"సిద్దప్పా, నడిపిది నీళ్లిస్తున్నదా?"

"ఇస్తున్నది సాబ్, మంచిగ ఇస్తున్నది."

ఆ మాట విని ఆయన నిశ్చింతగా ఆవిరి వదిలే రెగ్యులేటర్ పిడిని అలాగే ఉంచాడు. ఎక్కుడు అయిపోయి, వికారాబాద్ అవుటర్ సిగ్నల్ దగ్గర చదునుకు రాగానే నిప్పుగదిలో పెద్ద చప్పుడుతో ఆవిరి దూకింది. సీసం కరిగింది. ఖాదర్ భాయ్ నిప్పు తలుపు కాలితో తన్ని మూసి, జల్లెడ కడ్డీ పూర్తిగా లాగి నిప్పంతా కింద పారేశాడు. ఇంగ్లీషు ఇంజిన్ అయితే అంత తొందరగా నిప్పు దించడం కుదిరేది కాదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక వచ్చే మెయిల్ మాత్రం చాలాసేపు నిలిచిపోయింది.

విచారణ

చల్లారాక బాయిలర్ తెరిచింది నేనే. గాజుగొట్టానికి కింది నుంచి నీళ్లు వచ్చే రంధ్రం సున్నంతో పూడిపోయి ఉంది. పైనుంచి వచ్చిన ఆవిరి గాజులోనే నీరై నిండింది. అంటే గాజు చూపించింది అబద్ధం. అందులో డ్రైవర్ తప్పు లేదు, తాండూరు నీళ్లది. కానీ మధ్య కుళాయి బాగానే ఉంది. తిప్పి ఉంటే నిజం చెప్పేది. కాబట్టి ప్రశ్న ఒక్కటే మిగిలింది: కుళాయి ఎందుకు తిప్పలేదు?

విచారణకు సికింద్రాబాద్ నుంచి ఒక అధికారి వచ్చాడు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన. అందరినీ గదిలో కూర్చోబెట్టి అడగకుండా అదే ఇంజిన్ మీదికి ఎక్కించాడు. ఖాదర్ భాయ్‌ని డ్రైవర్ చోట, సిద్దప్పను ఫైర్‌మన్ చోట నిలబెట్టి, ఆ రోజు అడిగినట్టే అడగమన్నాడు. నేనూ డిసూజా సాబూ కింద మెట్టు పట్టుకుని నిలబడ్డాం.

"నడిపిది నీళ్లిస్తున్నదా?" అన్నాడు ఖాదర్ భాయ్.

సిద్దప్ప చేయి కుళాయిల వైపు పోలేదు. ఇంజెక్టర్ పిడి మీద పడింది. తొట్టిలోని నీళ్లను బాయిలర్‌లోకి నెట్టేది ఇంజెక్టర్. వాడి కన్నడ చెవికి నడిపిది అంటే నడిపించేది. బండిని నడిపించే నీళ్లిచ్చే యంత్రం. అది ఆ రోజు నిజంగానే ఇస్తోంది. కాకపోతే అది ఇస్తున్నదానికంటే ఎక్కుడు దారిలో ఇంజిన్ తాగేస్తున్నది ఎక్కువ. వాడు అబద్ధం చెప్పలేదు. ఖాదర్ భాయ్ తప్పుగా వినలేదు. ఇద్దరి మధ్యా ఒక్క మాట రెండు మాటలైంది.

అధికారికి తెలుగు రాదు. డిసూజా సాబ్ విడమరిచి చెప్పాడు. ఆయన రేపు పొద్దున వాంగ్మూలం రాసుకుంటానని చెప్పి వెళ్లాడు.

సాయంత్రం డిసూజా సాబ్ ఖాదర్ భాయ్‌ని పక్కకు పిలిచాడు. నేనక్కడే ఉన్నాను.

"రేపు ఒక్కటే అడుగుతడు. ఆ పేరు సిద్దప్పకు నువ్వు నేర్పినవా అని. నేర్పిన అని చెప్పు. చెప్పినంక మరిచిపోయిండంటే తప్పు వానిది అయితది. కొత్తోడు, పోతే సేడంల ఏదో పని చూసుకుంటడు. నీకు మెయిల్ బండి ఉన్నది ముందల."

"నేర్పలేదు గద సాబ్."

"నాకెరుకనే. అందుకే చెప్తున్న."

డిసూజా సాబ్ చెడ్డవాడు కాదు. నేను చూసిన ఫోర్‌మన్లలో ఆయనంత పని తెలిసినవాడు, తన మనుషుల కోసం పైవాళ్లతో ఆయనలా కొట్లాడినవాడు ఇంకొకడు లేడు. ఆ రోజు ఇచ్చిన సలహా కూడా ప్రేమతోనే ఇచ్చాడు. పై అధికారి చెడ్డవాడైతే జాగ్రత్తపడటం తేలిక. మంచివాడు తప్పు దారి చూపించినప్పుడే కష్టం. నిజం చెప్పాలంటే, ఖాదర్ భాయ్ ఆ మాట చెప్పేయాలనే నేనూ ఆ రాత్రంతా కోరుకున్నాను.

పొద్దున అధికారి అదే అడిగాడు. డిసూజా సాబ్ తెలుగులో అడిగి, జవాబు కోసం ఖాదర్ భాయ్ మొహంలోకి చూశాడు. సిద్దప్ప గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు.

"నేర్పలే," అన్నాడు ఖాదర్ భాయ్. "అందరికి ఎరుకే అనుకున్న. వాడు కుళాయి తిప్పంగ నేను చూడలే. అడిగిన, అంతే. చూడాల్సింది నేను."

అధికారి రాసుకున్నాడు. ఆయన మంచి విచారణే చేశాడు. ఉత్తర్వులో గాజుగొట్టం రంధ్రాలు ప్రతి కడుగుడులోనూ పొడిచి శుభ్రం చేయాలని మాకు, కుళాయిలకు పేర్లు పెట్టి పిలవకుండా రంగుతో అంకెలు వేయాలని షెడ్డుకు, కొత్త ఫైర్‌మన్‌కు ప్రతి పిడినీ చూపించి ఒప్పజెప్పించుకోవాలని డ్రైవర్లకు రాశాడు. మూడూ సరైనవే. సిద్దప్పకు హెచ్చరిక. ఖాదర్ భాయ్‌ని మెయిన్ లైన్ బండ్ల మీదినుంచి తీసేసి తాండూరు యార్డులో షంటింగ్ ఇంజిన్‌కు వేశారు. బండల వ్యాగన్లను ఈ లైన్ మీదినుంచి ఆ లైన్ మీదికి నెట్టే పని. నిబంధన ప్రకారం ఆ శిక్ష కూడా సరైనదే. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ఉత్తర్వు చదివి వినిపించిన రోజు మాత్రం నాకు బాయిలర్‌లోకి దూరి ఏడవాలనిపించింది, దూరాను.

తాండూరు బండి

నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. వాళ్లింటికెళ్లి అడిగేశాను.

"ఒక్క మాట చెప్పలేకపోయినవా ఖాదర్ భాయ్?"

"చెప్పొచ్చు. చెప్పినంక వాడు పోతడు, ఇంకోడు వస్తడు. వచ్చినోనికి ఎరుకుంటది గద, గీ డ్రైవర్ తనకు మునిగెటట్లుంటే ఫైర్‌మన్‌ను అమ్ముకుంటడని. గసొంటోడు నాకు నీళ్లు తక్కువైనయని చెప్తడా? భయపడి దాస్తడు. నర్సిములూ, నేను చూసేది బయటికి, లోపలిది వాని నోట్ల వినాలె. వాడు నిజం చెప్తలేడంటే నేనింక ఏ ఇంజిన్ ఎక్కాలె?"

"ఇప్పుడు షంటింగ్ ఇంజిన్ ఎక్కితే, ఎక్కినట్టేనా?"

ఆయన టీ చల్లారిందని లోపలికి కేకేశాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పదలచుకున్నది ఇదే. మీ ఇంజిన్లలో ఆవిరి చేసే నీళ్లుండవు. అమెరికా నుంచే వచ్చిన డీజిల్ ఇంజిన్లను నేనూ చివరి రోజుల్లో చూశాను. కుళాయిల బదులు ముళ్లు, దీపాలు. అవీ ఒక్కోసారి అబద్ధం చెబుతాయి. అప్పుడు పక్కనున్న మనిషిని అడగక తప్పదు. ఆ మనిషికి మీ భాష అందిందో లేదో చూసుకోండి. మీకు నిజం చెప్పడానికి భయపడేలా మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఖాదర్ భాయ్ వాళ్లు తాండూరుకు కాపురం మార్చిన పొద్దున నేనూ, షెడ్డులో కొందరూ స్టేషన్‌కు వెళ్లాం. సిద్దప్ప పెట్టెలు మోసి ప్యాసింజర్ బండిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ బండి డ్రైవర్ మావాడే. ఇంజిన్ దిగి వచ్చి, "పైకి రా ఖాదర్ భాయ్, నాతోపాటే పోదాం" అన్నాడు. ఖాదర్ భాయ్ వద్దన్నాడు. డ్యూటీ లేనివాడు ఇంజిన్ ఎక్కకూడదని, తను ఏ రోజూ ఎవరినీ ఎక్కనియ్యలేదని అన్నాడు. టికెట్ పాసు జేబులో పెట్టుకుని అందరిలాగే డబ్బా ఎక్కి, మూటల మధ్య రజియా భాభీ పక్కన కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. నా మొహం చూసి భాభీయే మాట్లాడింది.

"ఏం ఫికర్ చెయ్యకు నర్సిములు భాయ్. పెండ్లయినప్పటి సంది నేను రైలెక్కితే ఈయన ఇంజిన్ల, నేను డబ్బల. గియ్యాలనే ఒక్కదగ్గర కూసొని పోతున్నం."